కడిగిన కూలి బిల్లులో రాయండి: ఒంగోలు కారు మెకానిక్‌ల సంఘానికి బహిరంగ లేఖ

సంఘం పెద్దలకు, గ్యారేజీ యజమానులకు, మేస్త్రీలకు నమస్కారం.

నేను ఇంజన్ బ్లాకులో పిస్టన్ ఆడే బోరుని సైజుకి కొట్టే బోరింగ్, దాన్ని రాళ్లతో రుద్దే హోనింగ్, పిస్టన్లు తిప్పే క్రాంక్ ఇరుసుని సానబట్టే గ్రైండింగ్ చేసే లేత్ షాపు వాణ్ణి. మీలో చాలామంది దించిన ఇంజన్లు నా మిషన్ల మీదికి ఎక్కి దిగినవే. పట్టేసినప్పుడు మళ్లీ నా గుమ్మం ముందుకే వస్తాయి. వచ్చినప్పుడల్లా మొదట వినపడేది "బోరు సరిగ్గా కొట్టినట్టు లేదే" అన్న మాట. బోరు తేడా అయితే బోర్ గేజి పెట్టి అందరి ముందూ చూపించొచ్చు, అందులో గొడవ లేదు. గొడవంతా గేజికి అందని దాని దగ్గరే వస్తోంది. మనం ఇంజన్ బిగించే చోటు గురించి, అక్కడి దుమ్ము గురించి, ఆ దుమ్ము తీసే పనికి బిల్లులో ఒక్క లైను కూడా లేకపోవడం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ మధ్య ఒక ట్యాక్సీ డీజిల్ ఇంజన్ వచ్చింది. కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు, అన్నీ కంపెనీ పార్టులే. పెద్దగా తిరగకుండానే కింద నాకింగ్ మొదలైంది. సంపు, అంటే కింది ఆయిల్ తొట్టి, దించి చూస్తే పిస్టన్ రాడ్డు క్రాంకుని పట్టుకునే చోట ఉండే బిగెండ్ బేరింగుల మీద చుట్టూ గీతలు. ఒక్కో గీత చివర బూడిదరంగు నలుసు దిగబడి ఉంది. గోరుతో రాస్తే తగులుతోంది. ఒక బేరింగు వెనక్కి తిప్పితే వీపు మీద చిన్న మెరిసే మచ్చ కనిపించింది. బేరింగుకీ రాడ్డుకీ మధ్య ఏదో రేణువు ఇరుక్కుంది. దానికి సరిగ్గా ఎదురుగా ముందువైపు బేరింగు ఉబ్బి, ఆ ఉబ్బంతా అరిగిపోయింది. బండి ఓనరు ఆయిల్ మంచిది పోయలేదన్నాడు. మేస్త్రీ పార్టులు డూప్లికేటు అన్నాడు. పార్టుల షాపాయన బోరింగ్ అన్నాడు. ఇంజన్ బిగించిన షెడ్డు ఎలా ఉందని మాత్రం ఎవరూ అనలేదు. మూడు వైపులే రేకులున్న షెడ్డు, నాలుగో వైపు కర్నూలు రోడ్డు. పక్కన సైలెన్సర్ కోస్తున్న కటింగ్ మిషన్.

కర్నూలు రోడ్డు దుమ్ము సంగతి ఈ ఊళ్లో వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. చీమకుర్తి నుంచి రాళ్ల లారీలు పగలూ రాత్రీ దిగుతుంటాయి. కోత యూనిట్ల నుంచి బయటపడిన బూడిద బురద ఎండితే టాల్కమ్ పౌడర్ అంత మెత్తగా అయిపోతుంది. చేతికి మెత్తగా తగిలినంత మాత్రాన అది మెత్తనిది కాదు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు రాయిలో ఉన్న ఖనిజాల గట్టిదనం, గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద, పదికి సుమారు ఆరు. బేరింగు పై పూతలో వాడే తగరం, సీసం రెండు కూడా దాటవు. పోత ఇనుప బోరు కూడా ఆ రాయి కంటే మెత్తనే. ఆ పొడి ఇంజన్ లోపలికి పోతే ఎవరు ఎవరిని కోస్తారో వేరే చెప్పాలా?

కొలతలు కూడా ఒకసారి చూడండి. మామూలు కారు ఇంజన్లో క్రాంకుని బ్లాకులో మోసే మెయిన్ బేరింగు గ్యాపు 0.02 నుంచి 0.05 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. మన తల వెంట్రుక 0.07 దాకా ఉంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు లోడు పడిన వైపు ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లకు మించదు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మన కంటికి సుమారు 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు విడిగా కనపడదు. కాబట్టి "చూశానన్నా, శుభ్రంగానే ఉంది" అని ఏ కుర్రాడైనా అంటే వాడు అబద్ధం చెప్పినట్టు కాదు. బేరింగుకి హాని చేసే సైజు వాడి కంటికి అందదు, అంతే. బేరింగు పూతను మెత్తగా చేసిందే అడపాదడపా వచ్చే నలుసుని పిండిలో గింజలా లోపలికి దించేసుకుంటుందని. కానీ ఆ పూత మందమే 0.02 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. అంతకంటే పెద్దది వస్తే సగం దిగి సగం పైకి నిలబడుతుంది. ఆ నిలబడిన సగం క్రాంకుని గీస్తూ పోతుంది.

"ఫిల్టర్ ఉంది కదా, అది పట్టదా?" అని చాలామంది అడుగుతారు. సంపులో పడిన దుమ్మునైతే చాలావరకు పడుతుంది. బ్లాకు లోపలి ఆయిల్ దారుల్లో మనం వదిలేసిన దుమ్ము సంగతి వేరు. ఆ దారులు ఫిల్టర్ దాటిన తర్వాతే ఉంటాయి. మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే అక్కడున్నదంతా నేరుగా బేరింగులోకే వెళుతుంది. మధ్యలో ఆపేది ఏమీ లేదు. అందుకే ఆ దారుల ప్లగ్గులు విప్పకుండా పైనుంచి డీజిల్ కొట్టి, కంప్రెసర్ గాలి పెట్టి అయిందనిపించడం పని కాదు. ప్లగ్గులు విప్పాలి, పొడుగు బ్రష్షు ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలి. క్రాంకు ఆయిల్ రంధ్రాలకూ అంతే. ఒకసారి విప్పిన ప్లగ్గు మళ్లీ లీకు కొడుతుందేమోనన్న భయంతో చాలామంది దాని జోలికే పోరు. భయం అర్థమవుతుంది, దానికోసం బేరింగులు పోగొట్టుకోవడం మాత్రం అర్థం కాదు.

ఇప్పుడు నా వైపు సంగతి. రోడ్డు దుమ్ము కంటే పెద్ద శత్రువు మా లేత్ షాపుల నుంచే వస్తుంది. హోనింగ్ రాళ్లు చాలావరకు సిలికాన్ కార్బైడ్. గట్టిదనంలో దాన్ని మించినవి వజ్రం లాంటి కొద్ది పదార్థాలే. హోనింగ్ అయ్యాక ఆ రాయి పొడి, ఇనుప పొడి కలిసి బోరు మీది అడ్డగీతల లోయల్లో కూరుకుపోతాయి. దీన్ని పెట్రోలుతోనో డీజిల్‌తోనో కడిగితే నూనె కరుగుతుంది, పొడి అక్కడే ఉంటుంది. పైపెచ్చు ఆరాక బోరు తళతళా మెరుస్తుంది కాబట్టి శుభ్రమైపోయిందనుకుంటాం. అది పోవాలంటే వేడినీళ్లు, సర్ఫు, గట్టి నైలాన్ బ్రష్షు కావాలి. ఇంతకంటే ఖరీదైన మందేమీ లేదు. నురుగు తెల్లగా వచ్చేదాకా రుద్ది, కడిగి, ఆరబెట్టి, తెల్లగుడ్డకి కాస్త ఇంజన్ ఆయిల్ రాసి బోరు తుడవండి. గుడ్డ బూడిదరంగుకి తిరిగితే మళ్లీ సర్ఫు. గుడ్డ తెల్లగా వచ్చాక వెంటనే ఆయిల్ పూయాలి. కొత్తపట్నం వైపు సముద్రపు గాలి ఇటు తిరిగిన సాయంత్రం తడి బోరుని వదిలేసి టీకి వెళ్తే, తిరిగొచ్చేసరికి నారింజరంగు తుప్పు కనపడుతుంది.

ఈ కడుగుడు ఎవరి పని? ఇక్కడే ఊరంతా ఒక చీకటి ఒప్పందం నడుస్తోంది. బ్లాకు కడిగే పని మెకానిక్‌దని లేత్ షాపు అనుకుంటుంది. లేత్ షాపు నుంచి కడిగే వచ్చిందని మెకానిక్ అనుకుంటాడు. మధ్యలో బ్లాకు ఆటోలో ఎక్కి, గోనెసంచి మీద కూర్చుని, అదే కర్నూలు రోడ్డు మీద ఊరేగింపుగా మీ షెడ్డుకి వస్తుంది. నా ప్రతిపాదన ఇది. మొదటి సబ్బు కడుగుడు లేత్ షాపుదే. కడిగి, ఆయిల్ పూసి, మందపాటి ప్లాస్టిక్ కవర్లో కట్టి పంపాలి. బిగించే ముందు రెండో కడుగుడు మెకానిక్‌ది. రెండూ వేర్వేరుగా బిల్లులో కనపడాలి.

బిల్లు దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు షెడ్డు లోపల జరిగే కొన్ని పనుల గురించి చెప్పాలి. వీటికి డబ్బుతో పనిలేదు, అలవాటు మారితే చాలు.

బనియన్ వేస్టుతో బేరింగులు తుడవకండి. అందులోంచి ఊడే పోగులు సంపులో ఆయిల్ లాగే దారికి ఉన్న స్ట్రైనర్ జాలీకి చుట్టుకుని దారి మూస్తాయి. సిలికాన్ పేస్టు కూడా అంతే. బయట నుంచి పొంగి కనిపిస్తే గట్టిగా వేశామనుకుంటాం. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది, ఆ తోకలు తెగి జాలీకే అంటుకుంటాయి. గ్యాస్కెట్ ముఖాలు శుభ్రం చేయడానికి చిన్న గాలి గ్రైండర్‌కి పీచు డిస్కు పెట్టి తిప్పడం ఈమధ్య ఫ్యాషనైంది. ఆ పీచులో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్, అంటే ఎమ్రీ జాతే. అది రాలి బేరింగుల్లోకి పోయి ఇంజన్లు పాడవుతున్నాయని జనరల్ మోటార్స్ తన డీలర్లకు ప్రత్యేకంగా బులెటిన్ పంపి హెచ్చరించింది. ప్లాస్టిక్ గోకుడుపట్టీ ఆలస్యమే, కానీ అది ఏమీ రాల్చదు. పార్టులు పరిచేది న్యూస్ పేపరు మీదా, అట్టపెట్టె మీదా, గోనెసంచి మీదా కాకుండా ఒక జింకు రేకు బల్ల మీద పరచండి. కంప్రెసర్ ట్యాంకు కింది కుళాయి పొద్దున్నే తిప్పి నీళ్లు వదిలేయండి. లేకపోతే ఆరబెట్టడానికి కొట్టే గాలే తడి కొడుతుంది. హెడ్ బోల్టుల గుంతల్లో నీళ్లో ఆయిలో మిగిలి ఉండగా బోల్టు బిగిస్తే, ఆ నీటికి పోయే దారి లేక బ్లాకు పగిలిన సందర్భాలున్నాయి.

ఎక్కువ ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బళ్లు చేసేవాళ్లకు ఒక్క ముక్క. ఇంజెక్టరు లోపలి సందులు రెండు మూడు మైక్రాన్లు. పైపు విప్పిన క్షణంలోనే రెండు చివరలకూ మూతలు పడాలి. చూపుడు వేలు మూత కాదు.

పూజల గురించి కూడా చెప్తాను, కోప్పడకండి. ఆయుధపూజ, పసుపు కుంకుమ, కొబ్బరికాయ అన్నీ మా షాపులోనూ ఉన్నాయి. ఇంజన్ పైన మూసే టాపెట్ కవరు వేసి బోల్టులు బిగించాక బొట్టు పెడితే అమ్మవారు కాదనదు. తెరిచిన హెడ్ మీద అగరొత్తి గుచ్చడమే వద్దు.

ఇక గది. ఇంజన్ విప్పడానికి షెడ్డు చాలు. బిగించడానికి నాలుగు గోడలూ ఒక తలుపూ కావాలి. పది అడుగులకు పన్నెండు చాలు. ఇటుక గోడలే కానక్కర్లేదు, సిమెంటు షీట్లతోనైనా సందులు మూసి కట్టొచ్చు. నేలకి టైల్స్ లేదా మంచి పెయింటు వేయాలి. వట్టి సిమెంటు నేల తనంతట తనే పొడి రాలుస్తుంది. లోపల చీపురు పనికిరాదు, ముందురోజు సాయంత్రం తడిగుడ్డతో తుడవాలి. పొద్దున్నే ఊడ్చి వెంటనే ఇంజన్ తెరిస్తే, లేచిన దుమ్మంతా తెరిచిన ఇంజన్లోకే దిగుతుంది.

గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడ ఉల్టా చేస్తున్నారు. గదికి ఎగ్జాస్టు ఫ్యాను పెడతారు. అది లోపలి గాలిని బయటికి లాగుతుంది. ఆ ఖాళీ నింపడానికి ప్రతి సందులోంచీ బయటి దుమ్ము గాలి లోపలికి దూరుతుంది. ఫ్యాక్టరీల్లో ఇంజన్ బిగించే హాళ్లను దీనికి సరిగ్గా వ్యతిరేకంగా నడుపుతారు. వడగట్టిన గాలిని లోపలికి తోస్తారు, లోపల ఒత్తిడి కాస్త ఎక్కువగా ఉంటుంది, తలుపు తెరిస్తే గాలి బయటికే పోతుంది. మనం కూడా అదే ఫ్యానుని తిప్పి బిగించి, ముందు మందపాటి ఫిల్టర్ గుడ్డ కడితే ఆ పని చాలావరకు అవుతుంది. ఎండాకాలం ఏసీ లేకుండా ఆ గదిలో మనిషి నిలవడు. ఇది విలాసం అనుకునేవాళ్లు రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి రేకుల కింద నిలబడి మెయిన్ బేరింగు క్యాపులు బిగించి చూడండి. క్రాంకులో బేరింగు తిరిగే నున్నటి భాగం, అంటే జర్నల్ మీద పడిన చెమట చుక్క ఉప్పునీళ్లే, మరకని తుప్పుగా మారుస్తుంది. సెకండ్ హ్యాండ్ ఏసీ అయినా సరే. కూలర్ మాత్రం వద్దు, అది తడిగాలి కొడుతుంది. టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టుకోవడమంటే నేల మీది దుమ్ముని దగ్గరుండి ఇంజన్లోకి పంపడమే.

ఏసీ వల్ల ఇంకో లాభం ఉంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ప్రపంచమంతా కొలతలకు పెట్టుకున్న ప్రమాణం 20 డిగ్రీలు. 80 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 20 నుంచి 42 డిగ్రీలకు వెళ్తే దాదాపు 0.04 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అదే సైజు పోత ఇనుప బోరు దాదాపు 0.02 పెరుగుతుంది. అంటే గ్యాపులో 0.02 మాయం. మొత్తం గ్యాపే 0.04 ఉండే ఇంజన్లో అది సగం! మే నెల మధ్యాహ్నం సందు కొలిచే ఫీలర్ గేజి పెట్టి చూసి "టైటుగా ఉంది, ఇంకాస్త కొట్టు" అని బ్లాకు వెనక్కి పంపుతారు. నేను పొద్దున్నే కొలిస్తే అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఎండలో ఆటో మీద వచ్చిన బ్లాకునీ, ఏసీ షాపులోంచి అప్పుడే వచ్చిన పిస్టన్‌నీ కలిపి కొలిస్తే ఇంకో రకం తప్పు వస్తుంది. బ్లాకు, పిస్టన్లు, మైక్రోమీటరు మూడూ ఒకే గదిలో రాత్రంతా పడుకుని లేవాలి, ఆ తర్వాతే కొలత.

ఆ గదిలో ఒకేసారి ఒకే ఇంజన్ ఉండాలి. టిఫిన్ డబ్బాలు, సిగరెట్లు, గ్రైండర్లు బయట. ఫోన్ కూడా బయటే, అది దుమ్ము కోసం కాదు. బోల్టు ఎంత బిగిసిందో చూపే టార్క్ రెంచి పట్టుకున్నవాడికి మధ్యలో ఫోనొస్తే ఆరో బోల్టు బిగించాడో లేదో గుర్తుండదు. బిగించిన ప్రతి బోల్టుకీ పెయింటు పెన్నుతో గీత, ప్రతి బేరింగు గ్యాపూ కాగితం మీద. ఆ కాగితం గోడకి ఉండాలి, గొడవొచ్చినప్పుడు అదే మాట్లాడుతుంది. సగం పని మిగిలితే సగం బిగించిన ఇంజన్ మీద కవరు కప్పకుండా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. బండి ఓనర్లకు చూడాలని ఉంటుంది, తప్పు లేదు, గోడకి అద్దం కిటికీ పెడదాం. లోపలికి వస్తే మాత్రం పిస్టన్ మీద వేలు పెట్టి "ఇదేనా కొత్తది?" అని అడగకుండా ఉండేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

గోడమీద 5ఎస్, అంటే పనిచోట శుభ్రత, సర్దుబాటు నేర్పే పద్ధతి, పోస్టరు అంటించిన షెడ్లు ఊళ్లో ఉన్నాయి. ఒకచోట ఆ పోస్టరు మీదే వేళ్ల గ్రీజు తుడిచారు.

"ఇవన్నీ చెప్పడం తేలికే, చేస్తే గిట్టుతుందా?" అని మీరు అడగాలి. మన బిల్లుల్లో పిస్టన్ సెట్టు ఉంటుంది, రింగులు, గ్యాస్కెట్ కిట్టు, బోరింగ్ చార్జీ, ఇంజన్ దించి ఎక్కించిన కూలి ఉంటాయి. కడిగిన కూలి ఎక్కడా ఉండదు. కనపడని పనికి డబ్బులు రావు, డబ్బులు రాని పని కుర్రాడికి పడుతుంది, కుర్రాడు రేపటి డెలివరీ టెన్షన్‌లో డీజిల్ చల్లి అయిందనిపిస్తాడు. వాణ్ణి తిట్టి లాభం లేదు. సరిగ్గా చేస్తే బ్లాకు, హెడ్, క్రాంకు కడిగి ఆరబెట్టడానికే ఒక మనిషికి దాదాపు ఒక పూట పడుతుంది. ఆ పూట ఎవరి ఖర్చు?

ఒక్క గ్యారేజీ ఆ ఖర్చు బిల్లులో రాస్తే, పక్క గ్యారేజీ "మేం ఉచితంగా కడుగుతాం" అంటుంది. బేరం అటు వెళ్లిపోతుంది. ఉచితం అంటే కడగకపోవడమే అని ఓనరుకి తెలిసేది ఇంజన్ పట్టేశాక. అందుకే ఒంటరిగా ఎవరూ మొదలుపెట్టలేరు. సంఘమే కూర్చుని, ఫుల్ ఇంజన్ పనికి "కడిగి బిగించే కూలి" అని ఒక రేటు పెట్టాలి, అన్ని గ్యారేజీలూ అదే రాయాలి. నా లెక్కలో అది మంచి ఆయిల్ డబ్బా ఖరీదుకి అటూ ఇటూగా ఉంటే చాలు. లేత్ షాపులకు కూడా వేరే రేటు పెట్టండి, మాలో ఎవరైనా కడగకుండా పంపితే ఆ బ్లాకు తీసుకోకండి. నా బ్లాకైనా సరే.

గది అందరూ కట్టలేరు, ఒప్పుకుంటాను. చాలా షెడ్లు అద్దెవి, ఓనరు మేకు కొట్టనివ్వడు. దానికి నాకు తోచింది ఉమ్మడి గది. దగ్గర దగ్గరగా ఉన్న నాలుగైదు గ్యారేజీలు కలిసి ఒకటి కట్టుకుని, రోజుకింత అద్దెతో వంతులవారీగా వాడుకోవచ్చు. ఇంజన్ అక్కడ బిగించి, కవరు కప్పి, సొంత షెడ్డుకి తీసుకెళ్లి బండికి ఎక్కించుకోవచ్చు. తాళం ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరిది, టార్క్ రెంచి పోతే ఎవరు కట్టాలి అన్న దగ్గరే ఇలాంటివి ఆగిపోతాయని నాకు తెలుసు. ముందే కాగితం రాసుకుంటే ఆగవు. కొందరు మేస్త్రీలు తమ కొలతలు పక్కవాళ్లు చూస్తారని ఇష్టపడకపోవచ్చు. కంపెనీ మాన్యువల్‌లో ఉన్న కొలతల్లో దాచుకునేది ఏముందో నాకు తెలియదు.

మొదటి గదికి మా షాపు వెనక ఖాళీగా ఉన్న చోటు ఇస్తాను, మొదటి ఏడాది అద్దె అడగను. గోడలు, ఏసీ, బల్ల సంఘం చూసుకోవాలి. దసరా నుంచి నా షాపులో బయటికి వెళ్లే ప్రతి బ్లాకూ సబ్బుతో కడిగి, ఆయిల్ పూసి, కవర్లో కట్టి ఉంటుంది. ఎంత కొలతకి కొట్టానో, ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచానో రాసిన చీటీ కవరుకి అంటించి ఉంటుంది. కడుగుడు చార్జీ బిల్లులో విడిగా ఉంటుంది. దాన్ని కొట్టేయమని బేరమాడితే ఒప్పుకోను. వచ్చే మీటింగులో ఈ రెండు రేట్ల విషయం అజెండాలో పెట్టండి. గది కొలతలు గీసిన కాగితం, ఆ ట్యాక్సీ ఇంజన్ బేరింగులు పట్టుకుని వస్తాను.

ఇట్లు,
మీ తోటి పనివాడు,
లేత్ షాపు, ఒంగోలు